కరెంట్ ఖాతా అంకెను విప్పి చదవడం

దేశపు కరెంట్ ఖాతా లోటు పెరిగిందన్న వార్త కనబడగానే ఏదో కంపెనీకి నష్టాలు వచ్చాయన్నట్టు చదివేస్తుంటాం. లోటు అన్న మాట అలాంటిది. వినగానే ఎక్కడో తప్పు జరిగిందనిపిస్తుంది. మిగులు అంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. అయితే 1997లో కుప్పకూలిన థాయ్‌లాండ్‌కు ఉన్నదీ లోటే, 1975 నుంచి 2019 దాకా నలభై నాలుగేళ్లు ఒక్క త్రైమాసికంలోనూ మిగులు చూడని ఆస్ట్రేలియాకు ఉన్నదీ లోటే. ఆ ఆస్ట్రేలియా 1991 తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు మాంద్యం ఎరగకుండా ఎదిగింది. కాబట్టి అంకె ఎంతో తెలుసుకున్నాక రెండు ప్రశ్నలు మిగులుతాయి. ఆ లోటు ఎందుకు వచ్చింది? దాన్ని ఎవరి డబ్బుతో, ఏ షరతుల మీద పూడుస్తున్నారు? నా దృష్టిలో అసలు చదువంతా ఈ రెండింటిలోనే ఉంది.

ముందు ఖాతాలో ఏమేం పడతాయో చూద్దాం. ఒక దేశ నివాసులకూ బయటివాళ్లకూ మధ్య జరిగే లావాదేవీల్లో ఆస్తుల కొనుగోళ్లు, అమ్మకాలు, అప్పులు పక్కన పెడితే మిగిలిన వాటిలో దాదాపు అన్నీ ఇక్కడికే వస్తాయి. వీటిని నాలుగు పద్దులుగా రాస్తారు: సరుకులు, సేవలు, ప్రాథమిక ఆదాయం, ద్వితీయ ఆదాయం. ప్రాథమిక ఆదాయమంటే వడ్డీలు, డివిడెండ్లు, కంపెనీల లాభాలు, కొద్దికాలం పనికి వెళ్లినవాళ్ల జీతాలు. ద్వితీయ ఆదాయమంటే బదులుగా ఏమీ ఇవ్వకుండా వచ్చేది. పరాయి దేశంలో స్థిరపడిన వాళ్లు ఇంటికి పంపే డబ్బు, విరాళాలు, కొన్ని రకాల సాయాలు ఇందులోకి వస్తాయి.

ఇక్కడ చూసేది నివాసాన్ని, పౌరసత్వాన్ని కాదు. ఏడాది, అంతకు మించి ఉండేందుకు వెళ్లిన కార్మికుడు వెళ్లిన దేశానికే నివాసి. అతను పంపే డబ్బు ద్వితీయ ఆదాయం. ఆరు నెలల పనికి వెళ్లివచ్చేవాడి జీతం మాత్రం ప్రాథమిక ఆదాయం. చదువుకోవడానికో వైద్యానికో వెళ్లినవాళ్లు ఎన్నేళ్లున్నా సొంత దేశపు నివాసులే. అందుకే విదేశీ విశ్వవిద్యాలయానికి కట్టే ఫీజు సేవల దిగుమతి కింద లెక్క. విదేశీ పర్యాటకుడు హోటల్లో కట్టిన బిల్లు సేవల ఎగుమతి. ఏ వస్తువూ సరిహద్దు దాటనక్కర్లేదు.

లెక్క వేసి చూస్తే సులువుగా తెలుస్తుంది. జీడీపీ 1500 ఉన్న ఒక ఊహాదేశాన్ని తీసుకుందాం. సరుకుల ఎగుమతులు 400, దిగుమతులు 520, అంటే అక్కడ 120 లోటు. సేవల ద్వారా వచ్చింది 180, పోయింది 110, కాబట్టి 70 మిగులు. వడ్డీలు, లాభాల రూపంలో వచ్చింది 20, పోయింది 65. అక్కడ 45 లోటు. బయట ఉన్నవాళ్లు పంపింది 75, ఇక్కడినుంచి వెళ్లింది 10, మిగులు 65. నాలుగూ కలిపితే 30 లోటు తేలుతుంది. జీడీపీతో పోలిస్తే 2 శాతం. ఇదే దేశం గురించి ఒక పత్రిక వాణిజ్య లోటు 8 శాతమని రాస్తుంది, ఇంకో పత్రిక కరెంట్ ఖాతా లోటు 2 శాతమని రాస్తుంది. రెండూ నిజమే. మొదటిది సరుకుల పద్దు ఒక్కటే చూసింది.

దీనికి తిరగేసిన ఉదాహరణ జపాన్. 2011 భూకంపం తర్వాత అణువిద్యుత్ కేంద్రాలు ఆగిపోవడంతో ఇంధన దిగుమతులు పెరిగి, సరుకుల వాణిజ్యం లోటులోకి జారింది. అయినా కరెంట్ ఖాతా ఏడాది లెక్కన మిగులులోనే నిలిచింది. దశాబ్దాలుగా విదేశాల్లో పెట్టిన పెట్టుబడుల మీద వచ్చే వడ్డీలూ డివిడెండ్లూ ఆ గండిని పూడ్చి ఇంకా మిగిలాయి. వాణిజ్య అంకెలు మాత్రమే చూసినవాళ్లకు ఆ రోజుల్లో జపాన్ పరిస్థితి అర్థమయ్యే అవకాశమే లేదు.

వాణిజ్య అంకెలతో ఇంకో చిక్కు ఉంది. నెలనెలా వచ్చే కస్టమ్స్ గణాంకాల్లో చాలా దేశాలు దిగుమతుల విలువకు ఓడ కిరాయి, బీమా కూడా కలిపి చూపిస్తాయి. చెల్లింపుల శేషం లెక్కలో, అంటే కరెంట్ ఖాతా కూడా భాగంగా ఉండే దేశపు మొత్తం విదేశీ లావాదేవీల పట్టికలో మాత్రం ఎగుమతిదారు రేవు దగ్గరి ధరనే తీసుకుంటారు. కిరాయిని విదేశీ ఓడకు కట్టి ఉంటే అది సేవల పద్దులోకి వెళ్తుంది. నెలవారీ కస్టమ్స్ లోటును మూడుసార్లు కూడి, త్రైమాసిక కరెంట్ ఖాతాలోని సరుకుల లోటుతో పోల్చి, తేడా వచ్చిందని కంగారుపడేవాళ్లు చాలామంది. తేడా రావాల్సిందే.

ప్రాథమిక ఆదాయంలో ఒక మెలిక ఉంది. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. విదేశీ యాజమాన్యంలో ఉన్న ఒక కంపెనీ ఈ ఏడాది 10 సంపాదించిందనుకుందాం. 4 డివిడెండుగా మాతృసంస్థకు పంపి, 6 ఇక్కడే కొత్త యంత్రాల మీద పెట్టింది. లెక్కల్లో మొత్తం 10 బయటికి వెళ్లినట్టు కరెంట్ ఖాతాలో రాస్తారు. ఆ 6 మళ్లీ ప్రత్యక్ష విదేశీ పెట్టుబడిగా తిరిగి వచ్చినట్టు, ఆస్తుల కొనుగోళ్లూ అప్పులూ నమోదయ్యే ఆర్థిక ఖాతాలో రాస్తారు. నిజానికి ఆ 6 దేశం దాటి వెళ్లనే లేదు. విదేశీ కంపెనీలు ఎక్కువగా ఉన్న దేశంలో లోటు ఎక్కువ కనిపిస్తే, అందులో ఇలా తిరిగి పెట్టిన లాభాలెంతో ముందు విడదీసి చూడాలి. అలాంటి లోటు తనను తానే పూడ్చుకుంటుంది. ఐర్లండ్‌లో బహుళజాతి కంపెనీల మేధోహక్కులూ, అద్దె విమానాల వ్యాపారమూ లెక్కలను ఎంత చెదరగొట్టాయంటే, అక్కడి గణాంక సంస్థ వాటి ప్రభావం తీసేసిన సవరించిన కరెంట్ ఖాతాను విడిగా ప్రచురిస్తుంది. ఆ దేశానికి అదే చూడాలి.

పొదుపు, పెట్టుబడి

కరెంట్ ఖాతాను ఇంకో వైపు నుంచి చూడవచ్చు. నా మట్టుకు ఇదే ముఖ్యమైన చూపు. దేశం సంపాదించిన దాంట్లో వినియోగానికి పోగా మిగిలేది పొదుపు. ఫ్యాక్టరీలు, రోడ్లు, ఇళ్లు, యంత్రాల మీద పెట్టేది పెట్టుబడి. పొదుపు 28 శాతమై, పెట్టుబడి 30 శాతమైతే ఆ 2 శాతం బయటినుంచే రావాలి. అదే కరెంట్ ఖాతా లోటు. ఇది సిద్ధాంతమేమీ కాదు, లెక్కల్లో తప్పనిసరిగా కలిసే సమానత్వం. పై ఊహాదేశంలో నాలుగు పద్దులూ కూడితే వచ్చిన 2 శాతమూ ఇదీ ఒకటే అంకె.

ఇప్పుడు అదే 2 శాతం లోటు రెండు దేశాల్లో ఉందనుకుందాం. ఒకచోట పొదుపు 35, పెట్టుబడి 37. ఇంకోచోట పొదుపు 14, పెట్టుబడి 16. మొదటి దేశం ఫ్యాక్టరీలు, రోడ్లు కడుతోంది, రెండోది తింటోంది. పైకి కనిపించే అంకెలో ఈ తేడా రాదు. లోటు పెరిగినప్పుడు పెట్టుబడి పెరిగిందా, పొదుపు తగ్గిందా అన్నది జాతీయ ఆదాయ గణాంకాల్లో వెతకాలి. పొదుపు తగ్గితే మళ్లీ ఇంకో ప్రశ్న: తగ్గింది ప్రభుత్వ పొదుపా, ఇళ్లదా, కంపెనీలదా?

నార్వే 1970ల్లో ఉత్తర సముద్రపు చమురు తవ్వకానికి అప్పులు తెచ్చింది. ఆ దశాబ్దం చివర లోటు జీడీపీలో పదో వంతు దాటింది. చమురు పారడం మొదలయ్యాక ఆ అప్పులు తీరాయి, మిగులు మొదలైంది. స్పెయిన్ లోటు కూడా 2007లో జీడీపీలో పదో వంతు దగ్గరికి చేరింది. అక్కడ కూడా పెరిగింది పెట్టుబడే. తేడా ఏమిటంటే అందులో పెద్ద భాగం ఇళ్ల నిర్మాణంలోకి వెళ్లింది. ఇల్లు విదేశీ ఆదాయం తేదు, తెచ్చిన అప్పు మాత్రం బయటివాళ్లకు కట్టాలి. పెట్టుబడి అన్న మాట వినగానే ఊరట చెందకూడదు. అది రేపు ఎగుమతులు పెంచేదో దిగుమతుల అవసరం తగ్గించేదో అవునా కాదా అని చూడాలి.

బడ్జెట్ లోటు ఉంటే కరెంట్ ఖాతా లోటు వస్తుందన్న జంట లోట్ల మాట కూడా ఎప్పుడూ నిజం కాదు. అమెరికా ప్రభుత్వ బడ్జెట్ 1998 నుంచి 2001 దాకా మిగులులో ఉంది. అదే కాలంలో కరెంట్ ఖాతా లోటు జీడీపీలో 4 శాతం దాకా పెరిగింది. కంపెనీలు విపరీతంగా పెట్టుబడి పెట్టాయి, కుటుంబాలు పొదుపు తగ్గించాయి. బడ్జెట్ లోటును తగ్గించడం మంచిదే కావచ్చు. కానీ ప్రైవేటు రంగం ఎటు నడుస్తోందో చూడకుండా దాని ఫలితం కరెంట్ ఖాతాలో ఆశించడం తప్పు.

సుంకాలకూ ఇదే వర్తిస్తుంది. దిగుమతి సుంకం వేస్తే ఆ వస్తువు దిగుమతి తగ్గుతుంది. దేశం మొత్తం పొదుపూ పెట్టుబడీ మారకపోతే ఆ లోటు ఇంకో దారిలో తిరిగి వస్తుంది. సాధారణంగా కరెన్సీ బలపడి ఎగుమతులు మందగిస్తాయి, లేదా ఇతర దిగుమతులు పెరుగుతాయి.

పూడ్చేది ఎవరు

మన ఊహాదేశానికి 30 లోటు. ఆ ఏడాది ప్రత్యక్ష విదేశీ పెట్టుబడి నికరంగా 15, షేర్లు, బాండ్ల ద్వారా 10, అప్పుల ద్వారా 12 వచ్చాయి. మొత్తం 37. లోటుకు 30 పోగా మిగిలిన 7 విదేశీ మారక నిల్వల్లో చేరింది. లోటు ఉన్నా నిల్వలు పెరగడం ఎలా అని అడుగుతారు. ఇలాగే.

పట్టికలు చదివేటప్పుడు గుర్తుల దగ్గర జాగ్రత్త అవసరం. పాత పద్ధతిలో నిల్వలు 7 పెరిగితే మైనస్ 7 అని వేస్తారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి 2009లో తెచ్చిన ఆరో కూర్పు పద్ధతిలో ఆస్తి పెరిగింది కనుక ప్లస్ 7. కొన్ని కేంద్ర బ్యాంకులు ఇప్పటికీ పాత పద్ధతిలోనే ముద్రిస్తాయి. పట్టిక కింద ఉండే వివరణ చదవకుండా నిల్వలు తరిగిపోయాయని రాసేసినవాళ్లు తక్కువేమీ కాదు.

వచ్చిన 37లో ఏది ఎలాంటిదన్నది ప్రాణప్రశ్న. ఫ్యాక్టరీ కట్టినవాడు రాత్రికి రాత్రి దాన్ని మూటగట్టుకుని పోలేడు. లాభం వస్తేనే తీసుకెళ్తాడు, నష్టం వస్తే అతనూ భరిస్తాడు. మూడు నెలల గడువున్న డాలర్ అప్పు ఇచ్చినవాడు గడువు పొడిగించకపోతే చాలు. అందుకే కరెంట్ ఖాతాకు నికర ప్రత్యక్ష పెట్టుబడిని కలిపి మౌలిక శేషం లెక్కగడతారు. మన దేశానికి అది మైనస్ 15. లోటులో సగం నిలకడైన డబ్బుతో పూడుతోంది, సగం మార్కెట్ మనసు మీద ఆధారపడి ఉంది.

థాయ్‌లాండ్‌లో ఏం జరిగిందో వరసగా చూస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. 1995, 1996ల్లో లోటు జీడీపీలో దాదాపు 8 శాతం. ప్రభుత్వ బడ్జెట్ ఆ ముందటి ఏళ్లలో మిగులులోనే ఉంది, కాబట్టి చాలామంది కలవరపడలేదు. థాయ్ కరెన్సీ బాట్ డాలరుకు సుమారు 25 దగ్గర కట్టేసి ఉంది. ఆ ధైర్యంతో బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ తక్కువ వడ్డీకి స్వల్పకాలిక డాలర్ అప్పులు తెచ్చి, స్థిరాస్తి వ్యాపారానికి బాట్లలో దీర్ఘకాలిక అప్పులిచ్చాయి. తెచ్చింది డాలర్లలో, రావాల్సింది బాట్లలో. తీర్చాల్సింది నెలల్లో, వచ్చేది ఏళ్లలో. బాట్ పడిపోతుందని పందెం కాసి సట్టావాళ్లు దాన్ని అమ్మడం మొదలుపెట్టాక, కేంద్ర బ్యాంకు ఫార్వర్డ్ ఒప్పందాలతో, అంటే తర్వాతి తేదీన డాలర్లు ఇస్తామన్న హామీలతో, బాట్‌ను కాపాడబోయింది. ప్రచురించిన నిల్వల అంకె పెద్దగానే కనిపించింది, అందులో అధికభాగం ఆ ఒప్పందాలకు అప్పటికే కట్టుబడిపోయింది. 1997 జూలై 2న ఆ కట్టు విప్పి బాట్‌ను వదిలేశారు. 1998 జనవరికి డాలరుకు 50 దాటింది.

1998లో అదే దేశానికి జీడీపీలో 12 శాతానికి పైగా మిగులు వచ్చింది. ఎగుమతులు వికసించి వచ్చింది కాదది. పెట్టుబడులు ఆగిపోయి, దిగుమతులు కొనే శక్తి లేక వచ్చిన మిగులు. ఒక్కసారిగా లోటు మాయమైందంటే ముందు దిగుమతుల వరసను చూడాలి. ముడిసరుకులూ యంత్రాల దిగుమతులు పడిపోయి ఉంటే అది ఆర్థిక వ్యవస్థ ఊపిరి బిగబట్టిన సంకేతం.

ఆస్ట్రేలియా నిలబడడానికి కారణాలు సరిగ్గా దీనికి ఎదురుగా ఉన్నాయి. 1983 డిసెంబరు నుంచి అక్కడి డాలరు మార్కెట్ ధరలో స్వేచ్ఛగా తేలుతోంది. విదేశీ అప్పుల్లో ఎక్కువ భాగం సొంత కరెన్సీలోనే ఉంది, లేదా మారకపు రిస్కుకు రక్షణ కొనుక్కున్నది. వచ్చిన డబ్బు గనుల్లోకి, ఉత్పత్తిలోకి బాగానే వెళ్లింది. కరెన్సీ పడినప్పుడు అప్పు భారం పెరగకుండా, ఎగుమతులకు ఊతం దొరికింది.

ఎంత లోటు భరించవచ్చు

ఒక గీత గీసి ఇదే హద్దు అని చెప్పడం కుదరదు. యూరోపియన్ యూనియన్ మాత్రం తన పర్యవేక్షణకు ఒక కొలత పెట్టుకుంది: మూడేళ్ల సగటు లోటు జీడీపీలో 4 శాతం దాటినా, మిగులు 6 శాతం దాటినా హెచ్చరిక. దేశపు విదేశీ ఆస్తుల్లోంచి విదేశీ బాధ్యతలు తీసేస్తే వచ్చే నికర స్థితి మైనస్ 35 శాతం కంటే దిగజారితే ఇంకో హెచ్చరిక.

సొంతంగా లెక్క వేసుకోవడానికి ఒక చిన్న సూత్రం చాలు. నికర విదేశీ బాధ్యతల శాతాన్ని నామమాత్రపు జీడీపీ వృద్ధితో (ధరల పెరుగుదల కూడా కలిసిన వృద్ధితో) గుణించి, ఒకటికి ఆ వృద్ధిని కలిపితే వచ్చే దానితో భాగించాలి. బాధ్యతలు జీడీపీలో 50 శాతం, వృద్ధి 8 శాతం అయితే 50ని 0.08తో గుణించి 1.08తో భాగిస్తే 3.7. అంటే ఏటా 3.7 శాతం లోటు ఉన్నా బాధ్యతల నిష్పత్తి 50 దగ్గరే ఉంటుంది. వృద్ధి 4 శాతానికి పడితే ఆ హద్దు 1.9కి దిగుతుంది. లోటు ఏమాత్రం మారకుండానే, వృద్ధి తగ్గినందుకే నిన్నటి సురక్షితమైన లోటు ఈరోజు ప్రమాదకరమవుతుంది.

ఈ లెక్కను చెడగొట్టేది మారకపు రేటు. బాధ్యతలన్నీ విదేశీ కరెన్సీలో ఉండి, సొంత కరెన్సీ విలువ 20 శాతం తగ్గితే, ఆ 50 కాస్తా 62.5 అవుతుంది. కొత్తగా ఒక్క రూపాయి అప్పు చేయనక్కర్లేదు. అందుకే నికర స్థితితోపాటు అది ఏ కరెన్సీలో ఉందో కూడా తెలియాలి.

నిల్వల విషయంలో మూడు నెలల దిగుమతులకు సరిపడితే చాలన్నది పాత కొలత. పెట్టుబడులు స్వేచ్ఛగా కదిలే దేశాలకు అది సరిపోదు. ఏడాదిలోపు తీర్చాల్సిన విదేశీ అప్పు మొత్తానికి నిల్వలు సమానంగానైనా ఉండాలన్నది, ఇద్దరు ఆర్థికవేత్తల పేరుతో పిలిచే గ్రీన్‌స్పాన్-గిడోటి కొలత. 1997 ముందు థాయ్‌లాండ్ దీన్ని దాటలేకపోయింది.

త్రైమాసిక అంకెను విడిగా చూడకూడదు. పంటలు, పర్యాటకం, పండగలు, డివిడెండ్లు పంపే నెలలు అన్నీ దాన్ని ఊపుతాయి. గత నాలుగు త్రైమాసికాలను కూడి, జీడీపీ శాతంగా చూడాలి. తర్వాత ధరనూ పరిమాణాన్నీ విడదీయాలి. మన ఊహాదేశపు 520 దిగుమతుల్లో చమురు 130 అనుకుంటే, చమురు ధర 20 శాతం పెరిగితే చాలు, బిల్లు 26 పెరిగి లోటు 30 నుంచి 56కి, అంటే 2 శాతం నుంచి 3.7 శాతానికి చేరుతుంది. ఒక్క పీపా కూడా ఎక్కువ కొనలేదు. ధర దిగితే ఇది దానంతటదే సర్దుకుంటుంది. చమురు తీసేశాక కూడా లోటు ఏడాదేడాదీ పెరుగుతుంటే అది లోపలి జబ్బు.

భారతదేశానికి 2012-13లో 4.8 శాతం లోటు వచ్చినప్పుడు చమురుతోపాటు బంగారం దిగుమతులూ పెద్ద కారణం. 2013లో బంగారంపై సుంకాన్ని 10 శాతానికి పెంచి, దిగుమతులపై ఆంక్షలు పెట్టారు. మరుసటి ఏడాది లోటు 1.7 శాతానికి దిగింది. అప్పుడే బంగారం దొంగరవాణా పెరిగింది. దొంగచాటుగా వచ్చిన బంగారానికి కూడా విదేశీ మారకమే ఖర్చవుతుంది, కాకపోతే కస్టమ్స్ పద్దులో కనిపించదు. ఆంక్షలతో తగ్గిన లోటును ఈ మేరకు తగ్గించి చదవాలి.

కరెన్సీ విలువ తగ్గితే లోటు వెంటనే తగ్గుతుందని ఎదురుచూసేవాళ్లు మొదటి ఏడాది నిరాశపడతారు. ముందే కుదిరిన ఒప్పందాల ప్రకారం అవే సరుకులు, అంతే పరిమాణంలో, సొంత కరెన్సీలో ఎక్కువ ధరకు వస్తాయి. మొదట లోటు పెరిగి, కొనేవాళ్లు ప్రత్యామ్నాయాలు వెతుక్కున్నాక తగ్గుతుంది. డాలరు 1985 ఫిబ్రవరి తర్వాత దిగడం మొదలుపెట్టింది. ఆ సెప్టెంబరు 22న డాలరును దించేందుకు అయిదు పెద్ద దేశాల మధ్య ప్లాజా ఒప్పందం కుదిరింది. అమెరికా లోటు మాత్రం 1987 దాకా పెరుగుతూనే పోయింది.

మిగులును కూడా ఇంతే కఠినంగా ప్రశ్నించాలి. 2007లో చైనా మిగులు జీడీపీలో పదో వంతు దగ్గరికి చేరింది, 2015లో జర్మనీది 8 శాతం దాటింది. ఆ రెండు చోట్లా తమ ఉత్పత్తితో పోలిస్తే దేశం లోపలి ఖర్చు తక్కువగా ఉంది. ఒకరి మిగులు ఇంకొకరి లోటు కనుక, మిగులు దేశాలు ఖర్చు పెంచకుండా లోటు దేశాలు మాత్రమే తగ్గించుకుంటే ప్రపంచం మొత్తం మీద గిరాకీ కుంగుతుంది. లోటు దేశాల మీదే సర్దుబాటు భారమంతా పడడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రపంచంలోని అన్ని దేశాల కరెంట్ ఖాతాలూ కూడితే సున్నా రావాలి. ప్రచురించిన అంకెలు కూడితే రాదు. ఒకే లావాదేవీని రెండు దేశాలు రెండు విలువలకు, రెండు తేదీల్లో రాస్తాయి, కొన్నిటిని ఒకరే రాస్తారు. ఒక్కో దేశపు పట్టికలోనూ కరెంట్ ఖాతా, ఆర్థిక ఖాతా సరిగ్గా కలవవు; ఆ తేడా చివరి వరసలో తప్పులు, వదిలివేతలు అన్న పేరుతో ఉంటుంది. దాన్ని వదిలేయవద్దు. కొన్నేళ్లపాటు అది ప్లస్సుకూ మైనస్సుకూ మధ్య ఊగుతుంటే మామూలు గణాంక లోపమే. పెద్ద మొత్తంలో, ఏళ్ల తరబడి మైనస్‌లోనే ఉంటే లెక్కకు అందకుండా డబ్బు దేశం దాటుతోందని అనుమానించాలి. ఎగుమతి బిల్లు తక్కువ వేయడం, దిగుమతి బిల్లు ఎక్కువ వేయడం అందుకు మామూలు దారులు. బిల్లులే అలా మారితే సరుకుల పద్దులోని లోటు కూడా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అప్పుడు ఆ లోటులో కొంత భాగం నిజానికి దేశం విడిచిపోతున్న పొదుపే.